అమ్మ భుజం నొప్పికి కొడుకు చేసిన మందు



పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే మన ఇళ్లలో బీరువాలు తెరుచుకుంటాయి. పట్టుచీరలు ఒక్కొక్కటే బయటికి తీసి, నీడపట్టున గాలికి ఆరేసి, మడతలు మార్చి మళ్లీ లోపల పెట్టుకుంటాం. మొన్న నేనూ అదే పనిలో ఉన్నాను. నా పెళ్లినాటి పోచంపల్లి పట్టుచీర చేతికి తగిలింది. పక్కన కూర్చున్న మా కోడలు దాన్ని ఒళ్లో వేసుకుని కాసేపు చూసి, "అత్తమ్మా, ఈ పువ్వుల అంచులు కొంచెం చెదిరినట్టున్నయి, ప్రింటు సరిగా పడలేదా?" అని అడిగింది.

నాకు నవ్వొచ్చింది. "ప్రింటు కాదు బిడ్డా, ఇది నేత" అన్నాను. "నేతలో పువ్వెట్ల వస్తది? ముందుగాల పోగుకే రంగేస్తరా? ఏ పోగు ఎక్కడ పడాల్నో ఎట్ల తెలుస్తది?" అని ఆ పిల్ల మళ్లీ అడిగింది. ఇక నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లుగా ఆ చీర కట్టుకుంటున్నాను, పదిమందిలో మురిసిపోతున్నాను. అది ఎట్లా తయారవుతుందో మాత్రం ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

ఆ తర్వాత అడిగి తెలుసుకున్నాను. తెలుసుకున్నాక ఆ చీర మీద గౌరవం పెరిగింది సరే, దాని వెనక ఉన్న ఒక తల్లి చెయ్యి గురించి, ఆ చెయ్యి కోసం యంత్రం కట్టిన ఒక కొడుకు గురించి కూడా తెలిసింది. ఈ వేళ మీకు ఆ సంగతే చెబుతాను.

ముందు చీర సంగతి చూద్దాం. మామూలు చీరలో బట్ట నేసిన తర్వాత అద్దకం వేస్తారు, లేదంటే ఒకే రంగు నూలుతో నేస్తారు. పోచంపల్లి, పుట్టపాక వైపు నేసే చీరలో అట్లా కాదు. నేయకముందే, పోగుగా ఉన్నప్పుడే దానికి రంగులు పడతాయి. దీన్ని మన నేతగాళ్లు చిటికి అంటారు, బజారులో ఇక్కత్ అంటారు. పోగులను కొన్ని కొన్ని కట్టలుగా చేసి, ఎక్కడ రంగు ఎక్కకూడదో అక్కడ గట్టిగా చుట్టి కడతారు. ఇప్పుడు ఆ కట్టుకు సైకిలు ట్యూబును సన్నటి పేలికలుగా కోసి వాడుతున్నారు. కట్టిన తర్వాత రంగులో ముంచుతారు. కట్టు ఉన్న చోట తెల్లగా మిగులుతుంది. ఆరిన తర్వాత కొన్ని కట్లు విప్పి, మరికొన్ని కట్టి ఇంకో రంగులో ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు ఈ కట్టడం, ముంచడం, విప్పడం. రంగు కట్టు కిందికి వెంట్రుకవాసి పాకుతుంది కాబట్టే పువ్వు అంచు కొంచెం చెదిరినట్టు కనిపిస్తుంది. మా కోడలు లోపమనుకున్నది నిజానికి ఆ చీరకున్న గుర్తింపు.

అయితే కట్టాలంటే ముందు పోగులు ఒక క్రమంలో ఉండాలి కదా? చీరలో నిలువుగా పోయేది పడుగు, అడ్డంగా పోయేది పేక. పేకలో పువ్వు రావాలంటే ఆ పేక పోగు ఈ అంచు నుంచి ఆ అంచుకు ఎంత దూరం పోతుందో అంత దూరంలోనే దాన్ని ముందుగా మేకుల మీద పరచుకోవాలి. అప్పుడే ఇక్కడ కట్టిన కట్టు చీర మీద సరిగ్గా తన చోటులో పడుతుంది. ఇట్లా పరచడాన్నే ఆసు పోయడం అంటారు.

ఆసు అంటే పెద్ద సాధనమేమీ కాదు. ఒక కొయ్య చట్రం. ఒక పక్క ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. మధ్య దూరం సుమారు ఒక మీటరు, అంటే మన చీర పన్నా అంత. ఎడం చేత్తో చట్రం పట్టుకున్నా, కూర్చుని పని చేసినా, కుడి చెయ్యి మాత్రం పోగు పట్టుకుని ఈ మేకు నుంచి ఆ మేకుకు, ఆ మేకు నుంచి ఈ మేకుకు పోతూ వస్తూ ఉండాల్సిందే. ఒక మేకుకు కావలసినన్ని చుట్లు పడగానే పక్క మేకుకు జరగాలి. లెక్క తప్పకూడదు. ఒక్క చుట్టు తప్పితే నేతలో పువ్వు వంకర పోతుంది. చూసేవాళ్లకు ఆడుకుంటున్నట్టే ఉంటుంది. పోసేవాళ్లకు తెలుస్తుంది.

ఎన్నిసార్లు అనుకుంటున్నారు? ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటల పని. మగ్గం ఆగకుండా నడవాలంటే రోజుకు రెండు చీరల ఆసు కావాలి, అంటే 18,000 సార్లు. ఒక్కో కదలిక మీటరు అనుకున్నా రోజుకు 18 కిలోమీటర్లు. రెండు రోజుల ఆసు దూరం కలిపితే మన కరీంనగర్ నుంచి వేములవాడ రాజన్న గుడికి నడిచినంత! కాళ్లతో నడిస్తే పుణ్యమైనా దక్కుతుంది. ఇది ఇంట్లో కూర్చుని ఒంటి చేత్తో నడిచే నడక.

ఈ పని ఎవరు చేసేవాళ్లో వేరే చెప్పాలా? మగ్గం మీద మగవాడు కూర్చుంటే ఆసు దగ్గర ఆడమనిషి కూర్చునేది. పొద్దున వాకిలి ఊడ్చి, నీళ్లు పట్టి, వంట చేసి, పిల్లలను బడికి పంపి, ఆ తర్వాత ఆసు. మధ్యాహ్నం తిన్నాక మళ్లీ ఆసు. కూలి ఇంటాయన పేరున వచ్చేది, చీర దుకాణం పేరున అమ్ముడయ్యేది. ఆమె చెయ్యి మాత్రం ఎవరి లెక్కలోనూ ఉండేది కాదు. ఆ వైపు నుంచి వచ్చి మా బంధువుల ఇంట్లో ఉంటున్న ఒక పెద్దావిడను, "ఎన్నేండ్లు ఆసు పోసినవు అవ్వా?" అని అడిగాను. "ఎన్నేండ్లని చెప్పాలె బిడ్డా, లగ్గమైన కాన్నుంచి పోస్తనే ఉన్న. గీ చెయ్యి ఎత్తి జడేసుకునుడు బందై పదేండ్లాయె" అన్నది. అంతకంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు ఆ కొడుకు కథకు వద్దాం.

కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయే రైలెక్కితే జనగామ దాటాక ఆలేరు స్టేషన్ వస్తుంది. ఆ ఆలేరు మండలంలోదే శారాజీపేట. అప్పట్లో నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. ఆ ఊళ్లో చేనేత కుటుంబంలో పుట్టినవాడు చింతకింది మల్లేశం. తల్లి పేరు లక్ష్మి. ఇల్లు గడవక పిల్లవాడు బడి మధ్యలోనే మానేసి మగ్గం పనిలో చేరాడు. రోజూ కళ్లముందు తల్లి ఆసు పోస్తూనే ఉండేది. రాత్రయ్యేసరికి భుజం, మోచెయ్యి పట్టేసేవి. ఆసు మానేస్తే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుంది. మన ఇళ్లలో అయితే ఏం చేస్తాం? నూనె రాస్తాం, వేడినీళ్ల కాపడం పెడతాం, పొద్దున మళ్లీ అదే పనికి కూర్చుంటాం. నొప్పికి మందు వేస్తాం, నొప్పి పుట్టించే పనిని మాత్రం మార్చం.

మల్లేశం ఆ పనినే మార్చాలనుకున్నాడు. ఈ చెయ్యి చేసే పని యంత్రం ఎందుకు చెయ్యకూడదు అని 1992లో మొదలుపెట్టాడు. ఆయనకు ఇంజనీరింగు చదువు లేదు, యంత్రాల గురించి చెప్పేవాళ్లు లేరు, చేతిలో డబ్బూ లేదు. ఉన్నదల్లా ఒకటే. తల్లి చెయ్యి ఎట్లా కదులుతుందో ఆయన పుట్టినప్పటి నుంచి చూస్తున్నాడు.

కదలికను విడదీసి చూస్తే మూడు ముక్కలుగా తేలుతుంది. ఒకటి, పోగు ఈ చివర నుంచి ఆ చివరకు పోయి రావడం. రెండు, మేకు చుట్టూ తిరగడం. మూడు, లెక్క పూర్తికాగానే పక్క మేకుకు జరగడం. మనిషి చెయ్యి ఈ మూడింటినీ ఆలోచించకుండా చేసేస్తుంది. యంత్రానికి ఒక్కొక్కటీ విడిగా నేర్పాలి. మల్లేశం కర్రముక్కలతో, దొరికిన సామానుతో ఒక్కో భాగం కట్టుకుంటూ వచ్చాడు. ఒక భాగం కుదిరితే ఇంకోటి కుదరదు. చేతిలో నాలుగు రూపాయలు ఆడితే సామాను కొనేవాడు, అయిపోతే మళ్లీ మగ్గం ఎక్కేవాడు. అప్పులయ్యాయి. ఊళ్లోవాళ్లు నవ్వారు. పని చేసుకుని బతకక ఈ పిచ్చేమిటన్నారు. అనేవాళ్లది తప్పని కూడా చెప్పలేం. పూట గడవడమే కష్టమైన ఇంట్లో డబ్బు కర్రముక్కల మీద పోస్తుంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు?

1997 వచ్చేసరికి దాదాపు అన్నీ కుదిరాయి. ఒక్కటే మిగిలింది. పోగును మేకు చుట్టూ తిప్పే ఆ చిన్న మలుపు! మన మణికట్టు రెప్పపాటులో చేసే పని యంత్రానికి అందలేదు. డబ్బూ అయిపోయింది. పని అక్కడికి ఆపేసి, ఆయన బతుకుతెరువుకు హైదరాబాద్ వెళ్లి కరెంటు పనుల్లో కుదిరాడు. చాలా కథలు ఇక్కడే ఆగిపోతాయి. కర్రముక్కలు అటకెక్కుతాయి, మనిషి పట్నంలో కలిసిపోతాడు.

1999 ఫిబ్రవరిలో ఒకనాడు పనిమీద బాలానగర్ పారిశ్రామికవాడలో ఒక కర్మాగారానికి వెళ్లాడు. అక్కడ ఏదో వేరే పనికోసం ఒక యంత్రం తిరుగుతోంది. దాని కదలిక చూడగానే, రెండేళ్లుగా అందని ఆ మలుపు ఇదేనని ఆయనకు తోచింది. అందరూ రోజూ చూసే యంత్రమే అది. మనసులో ఆ ప్రశ్న ఉన్నవాడికి మాత్రమే అది జవాబుగా కనిపించింది. సెలవు పెట్టి, ఒక వర్క్‌షాపులో ఆ భాగాన్ని తయారు చేసుకుని తన యంత్రానికి బిగించాడు. పోగు మేకు చుట్టూ తిరిగింది. పక్క మేకుకు జరిగింది. ఏడేళ్ల పని ఆ రోజుతో ముడిపడింది. ఆ యంత్రానికి తల్లి పేరే పెట్టాడు. లక్ష్మీ ఆసు యంత్రం.

నాలుగైదు గంటలు పట్టే ఆసు గంటన్నరలో అయిపోయింది. రోజుకు రెండు చీరల పని ఆరు చీరల దాకా చేయవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, చెయ్యి 9,000 సార్లు ఆడనక్కర్లేదు. పోగు తెగిందా, కండె అయిపోయిందా అని చూసుకుంటే చాలు. తర్వాత తర్వాత ఆయన దానికి ఎలక్ట్రానిక్ అమరిక కూడా జోడించి ఇంకా మెరుగుపరిచాడు. వందలకొద్దీ నేత ఇళ్లకు ఆ యంత్రాలు చేరాయి. పల్లెల్లో ఇట్లాంటివాళ్లను వెతికి వెలుగులోకి తెచ్చే పల్లెసృజన సంస్థ, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఆయనకు అండగా నిలిచాయి. 2009లో జాతీయ పురస్కారం, 2011లో పేటెంటు, 2017లో పద్మశ్రీ వచ్చాయి. 2019లో ఆయన కథతో 'మల్లేశం' అనే సినిమా వచ్చింది. మీలో కొందరు చూసే ఉంటారు. ప్రియదర్శి మల్లేశంగా, ఝాన్సీ తల్లిగా నటించారు.

ఇక్కడ మీకు ఇంకొకావిడ గురించి చెప్పాలి. ఆమెది వియన్నా, ఆస్ట్రియా దేశం. "వియన్నా ఎక్కడ, ఆలేరు ఎక్కడ?" అంటారేమో! మన ఆదిలాబాద్ వాళ్లకు వియన్నా మరీ కొత్త ఊరేమీ కాదు. 1940లలో గోండుల మధ్య మార్లవాయిలో ఉండి, వాళ్లకు బడులు, భూములు దక్కాలని పాటుపడిన హైమెన్‌డార్ఫ్ వియన్నాలో పుట్టినవాడే కదా. ఆ ఊరిదే ఈ ఆవిడ కూడా. పేరు మార్గరెటె షూట్టె-లిహోట్స్‌కీ. 1897లో పుట్టింది. ఆడపిల్లలు ఇళ్ల నిర్మాణశాస్త్రం చదవడమేమిటని అందరూ వింతపడే రోజుల్లో పట్టుబట్టి చదివింది. ఆస్ట్రియాలో ఆ చదువు చదివిన మొదటి మహిళల్లో ఒకరు.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కార్మిక కుటుంబాల కోసం వేలకొద్దీ చిన్న చిన్న ఇళ్లు కట్టించింది. వాటికి వంటిల్లు ఎట్లా ఉండాలో చెప్పమని ఈమెను పిలిచారు. ఆమె పని ఎక్కడ మొదలైందో తెలుసా? గడియారం పట్టుకుని, వంటచేసే ఆడవాళ్లు ఏ పనికి ఎంతసేపు తీసుకుంటున్నారో, పొయ్యి నుంచి నీళ్లకు, నీళ్ల నుంచి గిన్నెల అరకు ఎన్ని అడుగులు నడుస్తున్నారో లెక్కపెట్టడంతో. రైలు భోజనశాలలో అంత ఇరుకు చోటులో అంతమందికి ఎట్లా వండుతున్నారో కూడా గమనించింది. 1926లో ఆమె గీసిన వంటిల్లు సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. అంటే మన అపార్టుమెంట్ల వంటిల్లు అంతే! కిటికీ కింద కూరగాయలు తరిగే బల్ల, కూర్చుని తరగడానికి తిరిగే పీట, తరిగిన చెత్తను తోసేయడానికి బల్లకే ఒక గాడి, బియ్యం, పప్పు, చక్కెర పోసుకోవడానికి పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు, పిండికి పురుగు పట్టకుండా ఓక్ కర్ర డబ్బా, గోడకు మడిచిపెట్టే ఇస్త్రీ బల్ల. ఈగలు వాలవన్న నమ్మకంతో నీలం రంగు. ఇట్లాంటి వంటిళ్లు దాదాపు 10,000 కట్టారు. నేడు మనం మాడ్యులర్ కిచెన్ అని లక్షలు పోసి చేయించుకునేదానికి మూలం అదే.

ఆవిడ బతుకు వంటింట్లో ముగియలేదు. హిట్లర్ మీద పోరాడేవాళ్లతో చేరింది. 1941లో వియన్నాలో పట్టుబడి, 15 ఏళ్ల శిక్ష పడి, 1945లో యుద్ధం ముగిసేదాకా జైల్లో ఉంది. తర్వాత కూడా ఆమె రాజకీయ నమ్మకాల వల్ల సొంత దేశంలో పనులు పెద్దగా ఇవ్వలేదు. 1988లో ఆస్ట్రియా ప్రభుత్వం బిరుదు ఇస్తానంటే, ఇచ్చే అధ్యక్షుడి యుద్ధకాలపు గతం నచ్చక వద్దంది. 2000 సంవత్సరం జనవరిలో, 103 ఏళ్లు నిండడానికి కొద్దిరోజుల ముందు కన్నుమూసింది. తమాషా ఏమిటంటే, ఆ వంటిల్లు గీసేనాటికి తనకు అసలు వంటే రాదని ఆమే చెప్పుకుంది!

నేను ఈ ఇద్దరినీ పక్కపక్కన ఎందుకు పెట్టానో మీకు తెలిసే ఉంటుంది. ఆమె పెద్ద చదువులు చదివింది, నగరం వెనక నిలిచింది. ఈయన బడి మానేశాడు, ఊరు నవ్వింది. అయినా ఇద్దరూ మొదట చేసిన పని ఒక్కటే. ఆడమనిషి చెయ్యి ఎన్నిసార్లు ఆడుతోంది, కాలు ఎన్ని అడుగులు వేస్తోంది అని లెక్కపెట్టారు. లెక్కపెట్టేదాకా అది "ఇంటిపని". లెక్కపెట్టాక 9,000 కదలికలు, 18 కిలోమీటర్లు. అప్పుడు గానీ ఎవరికీ అది కష్టమని తోచదు. వస్తువులను మనిషి ఒంటికి తగ్గట్టు రూపొందించడాన్ని నేడు డిజైనింగు అంటున్నారు, దానికి పెద్ద కళాశాలలున్నాయి. మల్లేశం ఆ మాట వినకముందే ఆ పని చేశాడు.

ఒక తేడా మాత్రం గమనించాలి. ఫ్రాంక్‌ఫర్ట్ వంటింటిలో ఒక్కరే పట్టేవాళ్లు. పని సులువైంది గానీ ఆ పని ఆమె ఒక్కదానిదే అన్నట్టు కూడా అయింది. పిల్లలు, భర్త తలుపు అవతల, ఆమె ఇవతల. ఆసు యంత్రం విషయంలో ఆ చిక్కు కొంత తప్పింది. యంత్రం దగ్గర ఎవరైనా కూర్చోవచ్చు కాబట్టి ఆసు ఇక ఇంటి ఇల్లాలి భుజానికే కట్టిన పని కాకుండా పోయింది.

యంత్రం వచ్చింది కాబట్టి నేతవాళ్ల కష్టాలన్నీ తీరాయా అని అడగవచ్చు. అంత తేలిగ్గా ఎక్కడ తీరతాయి? 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా అదే పువ్వును మరమగ్గం బట్ట మీద అచ్చువేసి పదోవంతు ధరకు అమ్మేవాళ్లు ఉన్నారు. మన సిరిసిల్ల మరమగ్గాల వాళ్లను తప్పుపట్టడం లేదు, వాళ్లదీ బతుకు పోరాటమే. అచ్చు వేసిన చీరను చిటికి చీర అని చెప్పి అమ్మడమే అన్యాయం. ఆ అన్యాయాన్ని మల్లేశం యంత్రం ఆపలేదు. దాన్ని ఆపగలిగేది కొనే చేతులు, అంటే మన చేతులే.

అందుకని కొనేటప్పుడు మూడు సంగతులు చూడండి. మొదటిది, చీరను తిరగేయండి. అసలు చిటికి చీరలో రంగు లోపలా బయటా ఒకేలా ఉంటుంది. అచ్చు వేసినదైతే వెనక వెలిసినట్టుంటుంది. రెండోది, పువ్వు అంచు చూడండి. గీత గీసినట్టు ఉంటే అనుమానించండి, కొంచెం చెదిరినట్టు ఉంటే సంతోషించండి. మూడోది, చెంగు చివర పేక పోగు ఒకటి వేలితో కొంచెం బయటికి లాగి చూడండి. పువ్వులున్న చోట ఆ ఒక్క పోగు మీదే రెండు మూడు రంగులు మారుతూ కనిపిస్తే అది చేత్తో కట్టి రంగు వేసిన పోగు. దుకాణదారుడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఆ తర్వాత బేరం ఆడవలసి వస్తే, ఆ 9,000 సార్లు ఒక్కసారి గుర్తు చేసుకుని ఆడండి.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. ఈ కథ విన్న తర్వాత నా వంటింటిని నేనే కొత్తగా చూశాను. కట్టినప్పుడు మేస్త్రీ తన ఎత్తుకు సరిపోయేట్టు గట్టు పోశాడు. నేను పొట్టిదాన్ని. ఇన్నేళ్లుగా భుజాలు పైకెత్తి కూరలు కలుపుతున్నాను. మెడనొప్పి వస్తే వయసు అనుకున్నానే గానీ గట్టు అనుకోలేదు. నిలబడి మోచెయ్యి మడిస్తే గట్టు దానికి నాలుగైదు అంగుళాలు కిందుగా ఉండాలట. నాది మోచేతితో సమంగా ఉంది! గట్టు పగలగొట్టలేను కాబట్టి కింద ఒక చెక్క పీట వేయించుకున్నాను. రోజూ వాడే ఉప్పు, పప్పు డబ్బాలు పై అర నుంచి చేతికందే అరకు దించాను. ఖర్చు చాలా తక్కువ. మెడకు మాత్రం హాయిగా ఉంది.

మీరూ ఒకరోజు ఒక కాగితం పెట్టుకుని, పొద్దున్నుంచి ఎన్నిసార్లు వంగారో, ఎన్నిసార్లు స్టూలు ఎక్కారో, నీళ్ల బిందె ఎన్నిసార్లు ఎత్తారో గీతలు గీయండి. రాత్రి భోజనాల దగ్గర ఆ కాగితం ఇంట్లో అందరికీ చూపించండి. మా ఇంట్లో చూపించినప్పుడు మావారు నవ్వారు. కాసేపటికి లేచి తన కంచం తానే తీసుకెళ్లి కడిగారు. మా మనుమడు మాత్రం నవ్వలేదు. "నానమ్మా, బిందె కింద చక్రాలు పెడితే?" అని అడిగాడు. వాడు ఏమవుతాడో నాకు తెలియదు. ఆ ప్రశ్న అడిగినందుకు వాడి చేతిలో ఒక లడ్డూ పెట్టాను.

శారాజీపేటలో ఒక తల్లి భుజం నొప్పిని ఒక పిల్లవాడు అట్లాగే చూశాడు. మన ఇళ్లలో పిల్లలూ చూస్తూనే ఉన్నారు. "ఇదంతా మామూలేలే" అని మనమే వాళ్ల కళ్లు మూయకుండా ఉంటే చాలు.

సెలవు.